ఉతుకుడు బండ మీద చర్చి తేదీ: నల్లగొండ నుంచి శంషాబాద్ దాకా ఐదు రోజులు

మొదటి రోజు – నల్లగొండ

మా ఊరి చర్చికి నూరేళ్ల పండుగ చెయ్యాలని సంఘ పెద్దలు అనుకున్నారు, సావనీర్‌లో చరిత్ర రాసే పని నా మెడకు చుట్టారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, తెలుగు టైపు చెయ్యడం వచ్చు, అంతకు మించి నాకు అర్హతేమీ లేదు. "నాలుగు పేజీలు రాయి చాలు, ఫోటోలు మేం పెడతం" అన్నారు ఫోన్‌లో. సరేనన్నాక అడిగాను, ఇంతకీ చర్చి ఏ సంవత్సరంలో కట్టారు అని. అవతల కాసేపు చప్పుడు లేదు. "అదే కదా నువ్వు కనుక్కోవాల్సింది" అన్నారు. ఫ్లెక్సీకి అప్పటికే అడ్వాన్సు ఇచ్చేశారని తర్వాత తెలిసింది.

మాది ఎం.బి. చర్చి. చిన్నప్పుడు నేను ఎం.బి. అంటే మహబూబ్‌నగర్ బాప్టిస్టు అనుకునేవాణ్ణి. నవ్వకండి, మా ఊళ్లో నన్ను సరిదిద్దినవాళ్లు కూడా ఒక్కరు లేరు. ఇంటర్‌లో ఏదో కాగితం నింపేటప్పుడు చూశాను, మెన్నొనైట్ బ్రదరెన్ అని. ఆ మాట మా నాయనమ్మకు చెబితే "నోరు తిరగదు బిడ్డా, ఎంబీ అనుకుంటే పాయె" అంది.

తోడుగా మా చిన్నాయన వచ్చాడు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు, కాబట్టి బస్సెక్కితే చరిత్ర కంటే గేర్ల గురించి ఎక్కువ మాట్లాడతాడు. పొద్దున ఎంజీబీఎస్‌లో నల్లగొండ బస్సెక్కి చౌటుప్పల్ దాటేదాకా ఆ డ్రైవర్ క్లచ్ ఎట్లా తొక్కుతున్నాడో వింటూ కూర్చున్నాను. నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగాక నిద్రపోయాడు.

మా ఊరు దేవరకొండ వైపు, మరి నల్లగొండకు ఎందుకంటే కథ మొదలైంది అక్కడే. 1889లో రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియ అనే దంపతులు మన దేశానికి వచ్చి, మరుసటి ఏడాది నల్లగొండలో మకాం పెట్టారు. రష్యా అంటే ఇప్పుడు ఉక్రెయిన్ ఉన్న చోటు. వాళ్ల ఇంటి భాష జర్మన్. ఇదేం తిరకాసు అని నేనూ అనుకున్నాను. 1525లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో కొందరు, పసిపిల్లలకు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదు, బుద్ధి తెలిశాక తనే ఒప్పుకుని తీసుకోవాలి అని మళ్లీ బాప్తిస్మం పొందారు. దానికి వాళ్లను నీళ్లలో ముంచి చంపారు, కాల్చి చంపారు. తర్వాత హాలండ్‌లో మెన్నో సైమన్స్ అనే కేథలిక్ గురువు 1536లో తన పదవి వదిలి వీళ్లతో కలిశాడు, మెన్నొనైట్లు అనే పేరు ఆయన వల్లే. కత్తి పట్టం, సైన్యంలో చేరం అన్నందుకు దేశం నుంచి దేశానికి తరిమితే, చివరికి రష్యా రాణి కేథరిన్ భూములిస్తాను రండి అంటే అక్కడికి పోయారు. అక్కడే 1860లో ఒక గుంపు విడిపోయి, ముంచే బాప్తిస్మమే బాప్తిస్మం అని మెన్నొనైట్ బ్రదరెన్‌గా ఏర్పడింది. మన ఎం.బి.లో ఎం, బి అవే.

ఇదంతా చిన్నాయనకు చెబితే అన్నీ విని ఒక్క ముక్క పట్టుకున్నాడు. "సైన్యంల చేరరా? మరి మనోళ్లు ముగ్గురు మిలిటరీల ఉన్నరు కదరా. జనవరి ఇరవయ్యారుకు పాస్టరయ్య పేర్లు పెట్టి ప్రార్థన చేస్తడు." నా దగ్గర జవాబు లేదు. నిజానికి మెన్నో పేరు కంటే ముందు మాకు తెలియాల్సిన సంగతి అదే, కానీ మా చర్చిలో దాని మీద ఒక్క ప్రసంగం కూడా విన్న గుర్తు లేదు.

నల్లగొండలో ఇప్పుడు ఎం.బి. గుర్తులు వెతికితే దొరకవు. ఫ్రీసెన్ వాళ్లకు సొంత మిషన్ సంస్థ లేదు కాబట్టి అమెరికన్ బాప్టిస్టులతో కలిసి పనిచేశారు, రష్యా పల్లెల నుంచి డబ్బులు, మనుషులు వస్తుంటే నల్లగొండ, సూర్యాపేట, జనగామ స్టేషన్లు నడిచాయి. 1914లో యుద్ధం, 1917లో విప్లవం వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. సంఘాలు బాప్టిస్టులుగానే మిగిలాయి. అక్కడి పాత చర్చి ఆవరణలో ఒక పెద్దాయన కలిశాడు. మేం ఎం.బి. వాళ్లమంటే "అట్లయితే మీరు మాకు తమ్ముళ్లు" అన్నాడు. "అన్నలం కాదా?" అన్నాడు చిన్నాయన. "మీ అమెరికోళ్లు వచ్చింది తర్వాత కదా" అన్నాడు పెద్దాయన. ఆ లెక్క ఆయనదే నిజం. 1899లో అమెరికా ఎం.బి. వాళ్ల తరఫున ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు, ఎలిజబెత్ న్యూఫెల్డ్ అనే ఆమె హైదరాబాద్ వచ్చారు. ఆరోగ్యం చెడి హీబర్ట్ దంపతులు రెండేళ్లకే తిరిగి వెళ్లిపోయారు. 1902లో పాంక్రాట్జ్ దంపతులు వచ్చి మలక్‌పేటలో నిలబడ్డాకే పని సాగింది.

రాత్రి లాడ్జిలో దోమలు. అంతకంటే రాయాల్సిందేమీ లేదు.

రెండో రోజు – దేవరకొండ, మా ఊరు

నల్లగొండ నుంచి కొండమల్లేపల్లి మీదుగా దేవరకొండ. దారంతా బత్తాయి తోటలు, కొన్ని ఎండిపోయినవి, కొన్ని పచ్చగా. దూరం నుంచే ఖిల్లా కనబడుతుంది, గుట్టల మీద నడుముకు మొలతాడు కట్టినట్టు గోడలు. రేచర్ల పద్మనాయకులు ఏలిన కోట. చిన్నాయన ఈ రూట్లో పదకొండేళ్లు బండి నడిపాడట, ప్రతి మలుపుకూ ఒక యాక్సిడెంట్ కథ ఉంది.

దేవరకొండలో 1910 ప్రాంతంలో జె.హెచ్. వోత్ అనే మిషనరీ స్టేషన్ పెట్టాడు. స్టేషన్ అంటే రైలు స్టేషన్ కాదు, మిషన్ కాంపౌండు: ఒక బంగళా, బోర్డింగ్ బడి, దవాఖాన, చర్చి. అక్కడి నుంచి చలికాలంలో ఎడ్లబండ్ల మీద డేరాలు వేసుకుని పల్లెలు తిరిగేవాళ్లు, మిగతా ఏడాదంతా తిరిగింది మన ప్రసంగీకులు, ఆడవాళ్లకు వాక్యం చెప్పే బైబిల్ స్త్రీలు, కాలినడకన. మిషనరీ ఒక ఊరికి ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప. పిల్లలకు అక్షరాలు చెప్పినవాడు, జ్వరమొస్తే పక్కన కూర్చుని ప్రార్థన చేసినవాడు, శవానికి గుంత తవ్వించినవాడు మన ప్రసంగీకుడే.

మధ్యాహ్నానికి ఊరు చేరాం. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మా చర్చి చిన్నది. ఒకప్పుడు పెంకులు, ఇప్పుడు స్లాబు. పాస్టరయ్య ఇంట్లో ఇనుప పెట్టె తెరిచారు. అందులో సంఘ రిజిస్టర్ ఉంది. మొదటి పేజీలు చెదలు తిన్నాయి, అంటే నాకు కావలసిన పేజీలే. మిగిలినవాటిలో మాత్రం ఊరంతా ఉంది. బాప్తిస్మం పేరు, పాత పేరు, తండ్రి పేరు, ఒక గడిలో "వెనకకు పోయెను" అని, ఇంకో దాంట్లో "తిరిగి చేర్చుకొనబడెను" అని. వెనకకు పోవడం అంటే మా భాషలో పోచమ్మకు కోడిని కోసినందుకో, రెండో పెళ్లి చేసుకున్నందుకో సంఘం నుంచి తీసేయడం. మా ముత్తాత పేరు ఎదురుగా అది రెండుసార్లు ఉంది. రెండుసార్లు తిరిగి వచ్చాడు కూడా. కారణం రాయలేదు. చిన్నాయన "కల్లు" అన్నాడు, పాస్టరమ్మ నవ్వు దాచుకోవడానికి లోపలికి పోయింది.

నేను ఫోన్ తీసి ఫోటో తీయబోతే పెద్దలిద్దరూ ఒకేసారి చెయ్యి అడ్డం పెట్టారు. "బిడ్డా, ఇది పుస్తకంల వెయ్యొద్దు. పేర్లు అసలే వద్దు."

ఇదీ ఊరి పేరు రాయకపోవడానికి కారణం. మా సంఘంలో చాలామందికి రెండు పేర్లు, చర్చిలో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతం కాని దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకున్నారు, క్రైస్తవులను ఇప్పటికీ చేర్చలేదు. మన రాష్ట్రంలో అయితే మతం మారిన ఎస్సీలు బీసీ-సీ, వాళ్లకు ఒక్క శాతం రిజర్వేషన్. వాడలో ఇల్లు అదే, బావి దగ్గర జరిగిన అవమానం అదే, ఊరి హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు అదే, సర్టిఫికెట్ మాత్రం వేరు. ఒక పిల్లాడి హాస్టల్ సీటు, ఒక పిల్ల ఉద్యోగం ఆ రిజిస్టర్ గడుల్లో ఇరుక్కుని ఉన్నాయి. నూరేళ్ల చరిత్ర రాయమని అడిగినవాళ్లే పేర్లు రాయొద్దంటున్నారేమిటని మొదట కోపం వచ్చింది నాకు. తర్వాత నా సర్టిఫికెట్ మీద ఏం రాసి ఉందో గుర్తొచ్చి ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

పునాది రాయి ఉండాలి కదా అని అడిగితే, ఉండేది, పెంకులు తీసి స్లాబు వేసినప్పుడు ఊడదీశాం అన్నారు. తర్వాత? ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సాయంత్రానికి దొరికింది. చర్చి వెనక ఇంట్లో, కుళాయి పక్కన, బట్టలుతికే బండ. ఆ ఇంటి వదిన బకెట్ పక్కకు జరిపి "ఇదా? ఇది గుడిదని నాకేం ఎరుక, మా ఆయన తెచ్చేసిండు" అంది. సబ్బు నురగ కడిగి చూస్తే "దేవుని మహిమార్థము" అన్న మాటలు చేతికి తగులుతున్నాయి, కింద 19 అంకె. ఆ పక్కన రెండంకెలు ఉతికీ ఉతికీ నున్నగా అరిగిపోయాయి. పంతొమ్మిది వందల ఎంతో.

"ఇన్నేండ్లు మా ఇంటోళ్ల పాపాలన్నీ దీని మీదనే ఉతికినం" అంది వదిన. పాస్టరయ్య దాన్ని ప్రసంగంలో వాడుకుంటారని నాకు గట్టి నమ్మకం.

మూడో రోజు – డిండి, నాగర్‌కర్నూల్, జడ్చర్ల

ఇక మిగిలింది మనుషుల జ్ఞాపకమే. మా మేనత్త అత్తగారు తొంభై దాటిన మనిషి, మా ఊరి ఆడబిడ్డే, ఇప్పుడు జడ్చర్లలో మనవడి దగ్గర ఉంటుంది. అక్కడికి డిండి మీదుగా బయల్దేరాం. డిండి చెరువులో నీళ్లు సగం ఉన్నాయి, గాలి మాత్రం చల్లగా ఉంది, కట్ట దగ్గర వేయించిన చేపలు తిన్నాం.

అచ్చంపేట దాటి నాగర్‌కర్నూల్‌లో గంటసేపు ఆగాం. 1906 ప్రాంతంలో డి.ఎఫ్. బర్గ్‌తోల్డ్ పెట్టిన స్టేషన్ అది. ప్రసంగీకులకు శిక్షణ ఇచ్చే బెతానీ బైబిల్ బడి కూడా మొదట అక్కడే, తర్వాత శంషాబాద్‌కు మారింది. మా ఊరికి వచ్చిన తొలి ప్రసంగీకుడు అక్కడ చదివిన మనిషే అని చిన్నాయన అంటాడు. అడిగినవాళ్లకు తెలియదన్నారు. ఎండ దంచుతోంది, మజ్జిగ తాగి బస్సెక్కాం.

జడ్చర్లలో మిషన్ దవాఖాన చాలామందికి తెలుసు. పాలమూరు, గద్వాల ప్రాంతాలు మొదట బాప్టిస్టుల చేతిలో ఉండేవి, 1937లో ఎం.బి. మిషన్‌కు అప్పగించారు. జడ్చర్లలో 1950ల్లో డాక్టర్ జేకబ్ ఫ్రీసెన్ ఆసుపత్రిని పెంచాడు. మా అమ్మ కాన్పు కోసం దేవరకొండ నుంచి ఇక్కడిదాకా వచ్చిందట, కాబట్టి నా పుట్టుక కూడా ఈ చరిత్రలో ఒక ఫుట్‌నోట్ అనుకోవచ్చు.

ఆమెను మేం పెద్దమ్మ అంటాం. మంచం మీద కూర్చుని ఉంది. మనవడు పోలేపల్లి దగ్గర మందుల కంపెనీలో షిఫ్టుకు పోయాడు. చెవి కొంచెం దూరం, బుర్ర మాత్రం గడియారం.

"పెద్దమ్మా, మనూరి గుడి ఏ ఏడాది కట్టిండ్రు?"

"ఏడాది గీడాది నాకేం ఎరుక బిడ్డా. డిండి కట్ట పని నడుస్తుండె. మా బాపు, మా చిన్నబాపు ఆడ మట్టి మోసేందుకు పోయిండ్రు. ఆ కూలి పైసలల్లకెళ్లి గుడికని కొన్ని పక్కకు పెట్టిండ్రు. హాలీ రూపాయలు, నైజాం పైసలు. వాటితోనే సున్నం కొన్నరు."

నాకు ఒళ్లు జలదరించింది, నిజంగా. డిండి ఆనకట్ట నైజాం సర్కారు 1940 – 43 మధ్య కట్టింది. అంకెలు అరిగిపోయిన రాయి చెప్పలేనిది ఆమె ఒక్క వాక్యంలో చెప్పింది. పొద్దున మేం చేపలు తిన్న కట్ట అది.

"మరి దొర పైసలియ్యలేదా?"

"ఏ దొర? ఊరి దొరనా, తెల్లదొరనా?"

తెలంగాణలో ఈ చిక్కు ఉంది, దొర అంటే ఇద్దరు. ఆమె లెక్కలో తెల్లదొర దూలాలకు, పెంకులకు ఇచ్చాడు. గానుగలో సున్నం తిప్పడానికి ఎడ్లు లేకపోతే ఊరి దొరను అడిగారు. ఆయన ఇచ్చాడు, కాకపోతే ఆ ఎడ్లకు బదులు మగవాళ్లు వారం రోజులు ఆయన చేనులో ఊరికే చేశారు. "పొద్దున దొర చేన్ల, మాపటిపూట గుడి కాడ. నేను చిన్నపోరిని, ఇసుక మోసిన. తట్ట కాదు, గంపల పోసుకొని." చేతులతో గంప ఎంత ఉండేదో చూపించింది.

గుడి కట్టకముందు? చింతచెట్టు కింద కూడేవాళ్లు, తర్వాత ఒక గుడిసె. ఆమె తండ్రి బాప్తిస్మం తీసుకున్నది పెళ్లి కాకముందు, ఊరి చెరువులో కాదు, ఊరోళ్లు చెరువులో దిగనియ్యలేదు, వాగులో. "గొడ్డు చస్తే తినం అని, డప్పు కొట్టం అని చెప్పినందుకు మా తాతను దొర గడికి పిలిపిచ్చిండు. ఆడ ఏమైందో మాకు చెప్పలె. వచ్చినంక మూడొద్దులు పండుకున్నడు." ఒంగోలులో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలం నుంచీ తెలుగు సంఘాల్లో కొత్తగా చేరేవాళ్లకు మూడు కట్టుబాట్లు చెప్పేవారు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదివేటప్పుడు అవి మతం నియమాల్లాగే కనిపిస్తాయి. వెట్టి చేసే మనిషి ఆదివారం రాను అనడం అంటే ఏమిటో ఆ మూడొద్దులు పండుకున్న తాతకు తెలుసు.

బయల్దేరేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని "మా బాపు పేరు రాస్తవా పుస్తకంల?" అని అడిగింది. రాస్తానన్నాను. ముందు రోజు పెద్దలకు ఏం మాట ఇచ్చానో బస్సెక్కాక గుర్తొచ్చింది.

నాలుగో రోజు – శంషాబాద్

శంషాబాద్ అంటే ఇప్పుడు అందరికీ విమానాలే. మాకు మాత్రం బైబిల్ కాలేజీ. లోపలికి పోతే చెట్లు, నిశ్శబ్దం, పైన ఐదు నిమిషాలకో విమానం. పాత పుస్తకాలు చూడనిచ్చారు. తొలి తరం మిషనరీలు ఇంటికి రాసుకున్నది జర్మన్‌లో, తర్వాతి రిపోర్టులు ఇంగ్లీషులో. మూడు గంటలు తిరగేశాను. మిషనరీలు ఏ ఓడలో వచ్చారో, ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చిందో ఉంది. పల్లెల సంగతి వచ్చేసరికి లెక్కలు: ఇన్ని గ్రామాలు, ఇంతమంది సభ్యులు, ఇన్ని బడులు. మా ఊరు ఆ అంకెల్లో ఎక్కడో ఒకటి.

వాళ్లను తక్కువ చేయడానికి అనడం లేదు. డాక్టర్ కేథరీన షెల్లెన్‌బర్గ్ సంగతే చూడండి. 1870లో రష్యాలో పుట్టి, అమెరికాలో వైద్యం చదివి, 1907లో ఇక్కడికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. నాగర్‌కర్నూల్‌లో, తర్వాత శంషాబాద్‌లో ఘోషా ఆడవాళ్ల నుంచి వాడల ఆడవాళ్ల దాకా చూసింది. 1945 జనవరి 1న శంషాబాద్‌లోనే చనిపోయింది. ఇట్లాంటి మనిషి గురించి ఒక పేజీ రాయొచ్చు, రాయాలి కూడా. నా గోల ఏమిటంటే, ఆమె చనిపోయిన రోజు నాకు తెలుసు, ముత్తాత పుట్టిన సంవత్సరం తెలియదు.

1958లో ఇక్కడి సంఘాల సమాఖ్యకు కొత్త పాలకవర్గం ఏర్పడి పెత్తనం మనవాళ్ల చేతికి వచ్చింది. అప్పటి నుంచీ రిజిస్టర్లను చెదలకు అప్పజెప్పింది మాత్రం తెల్లదొరలు కాదు, మనమే. చిన్నాయన ఈ మాట సావనీర్‌లో వద్దన్నాడు.

ఐదో రోజు – మళ్లీ ఊరు

పెద్దల మీటింగ్. డిండి కట్ట సంగతి చెప్పాను. అంటే గుడికి ఇంకా నూరేళ్లు కాలేదు. ఫ్లెక్సీ మీద "శతాబ్ది ఉత్సవాలు" అని అచ్చు పడిపోయింది. కాసేపు గొడవ. చివరికి చిన్నాయనే తేల్చాడు: "గుడికి గాకపోతే సంఘానికైతది. వాగుల మునిగిన రోజుకెళ్లి లెక్క పెట్టుండ్రి." ఆ రోజు ఏదో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. పెద్దమ్మ తండ్రి పేరు మాత్రం రాయడానికి ఒప్పుకున్నారు, ఆ ఇంట్లో ఇప్పుడు సర్టిఫికెట్ కావలసిన పిల్లలు ఎవరూ లేరట. ఇంటిపేరు లేకుండా, బాప్తిస్మం పేరు ఒక్కటే.

రాయిని గోడలో మళ్లీ పెట్టాలని తీర్మానం. వదిన నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "గుడిదైతే గుడికి తీస్కపోండ్రి, నేను బట్టలెక్కడ ఉతకాలె?" దేవరకొండకు పోయి బండ ఒకటి కొని ఆటోలో వేసుకొచ్చాం. మొదట షాపువాడు పాలిష్ చేసింది చూపిస్తే చిన్నాయన వద్దన్నాడు, వదిన ఫోన్‌లో ముందే చెప్పింది, గరుకుగా ఉండాలి, నున్నటి దాని మీద మురికి పోదని.

నలుగురం పట్టి కుళాయి దగ్గర దించాం. వదిన చెంబుతో నీళ్లు పోసి చూసింది. నీళ్లు గడప వైపు పారాయి.

"ఇట్లయితే ఇంట్లకొస్తయి. ఇంకింత వంచి పెట్టుండ్రి" అంది. చిన్నాయన లుంగీ ఎగ్గట్టి, కింద పెట్టడానికి చిన్న రాయి కోసం వెతకడం మొదలుపెట్టాడు.